మహిపాల్ తిన్న తొక్కు బరువు

రెబెకా ఆ పొద్దున నాలుగోసారి సంచిని కాంటాకు తగిలించింది. మట్టెవాడలో ఆ ఇంటి వాకిట్లో, జామచెట్టు కొమ్మకు ఏడాదికి ఒక్కరోజే వేలాడే కాంటా అది. ముల్లు పదకొండు దాటి, కాస్త వణికి, ఇంకో గీత దగ్గర ఆగింది. పదకొండు కిలోల వంద గ్రాములు. మూడుసార్లు అంతే ఉంది, నాలుగోసారి మాత్రం ఎందుకు తగ్గుతుంది? అయినా ఆమె తూచింది. ఏ పనైనా నాలుగుసార్లు సరిచూసుకోకుండా వదిలే మనిషి కాదు రెబెకా. మస్కట్‌లో ఆమె పనిచేసే దవాఖానలో, మందు సీసా మీద పేరు మూడుసార్లు చదివే నర్సు ఆమె ఒక్కతే అని మిగతావాళ్లు నవ్వుకుంటారు.

ఆ దవాఖాన వాళ్లు ఏడాదికి నెల సెలవు ఇస్తారు, టికెట్టు కూడా కొనిస్తారు. కొనేదెప్పుడూ చేతి సంచి టికెట్టే. అంటే విమానం కడుపులో పెట్టెలు వేసే హక్కు ఉండదు. చేత్తో పట్టుకుపోయే సంచి ఒక్కటే, అదీ ఏడు కిలోలు.

ఏడు కిలోలు! ఈ నియమం రాసినవాడు జన్మలో ఏదన్నా మోశాడా అని రెబెకాకు ప్రతి ఏడూ అనుమానం వచ్చేది. ఏడు కిలోలంటే ఎనిమిది నెలల పసిపిల్ల. అంతకన్నా ఎక్కువ దేన్నీ ప్రేమించి వెంట తీసుకుపోవద్దని ఒకడు కుర్చీలో కూర్చుని తీర్మానించాడు. వాడి టిఫిను డబ్బా వాడి బంట్రోతు మోస్తుంటాడు.

"వదినా, ఇను," అన్నాడు విన్సెంట్, అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తూ. చౌరస్తా దగ్గర టికెట్లు బుక్ చేసే దుకాణం అతనిది. ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు కాబట్టి విమానాల గురించి అతనికి తెలియనిది లేదు. "పొడుగు యాభై అయిదు, వెడల్పు ముప్పై అయిదు, మందం ఇరవై అయిదు సెంటీమీటర్లు. చక్రాలు, పిడి కలుపుకొనే."

"చక్రాలు గూడ కొలుస్తరా?"

"మరి? చక్రాలు సంచియి కావా?"

"గట్లయితే వాని ఇమానం టైర్లు ఎవడన్న కొలిచిండా అడుగు."

"ఊకె నన్నంటవేంది? నేను రాసిన్నా? ఇగో, నీళ్లలెక్క ఉండేటివి వంద మిల్లీలీటర్లు దాటద్దు."

"రెండొందల సీసాల యాభయ్యే ఉన్నదనుకో?"

"నడవదు. సీసా మీద రాసిందే లెక్క. లోపలున్నది కాదు."

రెబెకా కాంటా వదిలేసి మరిది వైపు తిరిగింది. "అంటే సగం సీసా పారేస్తడు, నిండు సీసా పోనిస్తడు."

"సీసా చిన్నదైతే పోనిస్తడు."

"లోపల ఏమున్నదో వానికి అక్కెర లేదు."

"వానికెందుకు వదినా? వానికి పైకి కనపడేదే రూలు. ఎండు కొబ్బరి కుడుక నడవదు, రాసుకో. మంట అంటుకుంటదట."

"మా తాత జేబు నిండ కుడుకలు పోసుకొని చుట్ట తాగేది. ఎనభై ఏండ్లు బతికిండు. ఒక్కనాడన్న అంటుకున్నడా?"

విన్సెంట్ నవ్వి ఫోన్ మీద వేలు జరిపాడు. నియమాలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి కింద మినహాయింపులు, మినహాయింపుల కింద చీమలంత అక్షరాలు.

అప్పుడే భద్రమ్మ వచ్చింది, కొంగు కింద స్టీలు డబ్బాతో. వెనక వీధిలో ఉంటుంది, కూలికి పోతుంది. ఆమె కొడుకు మహిపాల్ మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. భద్రమ్మ ఏమీ అడగలేదు. డబ్బా తెచ్చి సంచి పక్కన పెట్టింది, అంతే. గల్ఫ్‌కు పోయే మనిషి ఉన్న వాకిట్లోకి డబ్బా తేవడానికి అడగాల్సిన పని ఆ వాడలో ఎవరికీ లేదు. కాదనడం తెలిసినవాళ్లు కూడా లేరు. పెళ్లికి పిలవకపోయినా మరిచిపోతారు గానీ, గల్ఫ్‌కు పోతూ డబ్బా వద్దన్న మనిషిని మూడు తరాలు చెప్పుకుంటారు.

"చింతకాయ తొక్కు బిడ్డా. సుక్క నూనె పొయ్యలే. రెండు కిలోలే."

"రెండు కిలోలేనా," అంది రెబెకా.

"పోయిన ఏడు రెండున్నర పెట్టిన. అది సంకురాత్రి దాంక గూడ రాలేదట వానికి."

రెబెకా మూత తీసింది. వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. ఎవరేమిచ్చినా విప్పి చూసి, తిని చూసి, తన పుస్తకంలో గ్రాములతో సహా రాసుకుంటేగానీ సంచిలో పెట్టదు. 'సంచి మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా' అని విమానాశ్రయంలో అడుగుతారు. అందరూ లేదంటారు. రెబెకా అనలేదు. ఐదేళ్లుగా ప్రతిసారీ ఆ బల్ల ముందు నిలబడి, భద్రమ్మ తొక్కు ఇచ్చిందని, టీచరు పద్మలత తన పెనిమిటి భాస్కర్‌కు సకినాలు పంపిందని చెబుతూనే ఉంది. వాళ్లు డబ్బా వాసన చూసి, ముఖం చిట్లించి పంపించేస్తారు.

"మీ అత్త ఏది? బరువు తీసిందా?" అని అడిగింది భద్రమ్మ.

"తీస్తది. మందు ఏసుకుంటాంది."

బరువు తీయడం సువార్తమ్మ పని. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో బస్తాల మూతులు కుట్టింది. సుతిలి దారం ఎక్కించిన దబ్బనం బస్తా మూలలో దించి, రెండుసార్లు తిప్పి లాగితే, దారం వెంట బరువు వచ్చేది. నడుములు పట్టేసిన హమాలీలు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. తీసిన బరువును ముడేసి పక్కనున్న రాతికి కట్టేది. బస్తా కాంటా ఎక్కే ముందు ముడి విప్పి బస్తాకు ఇచ్చేసేది. తూకంలో ఒక్క కాయ మోసం చేసిందన్న మాట పడలేదు. వస్తువుకో ముడి, ముడికో వస్తువు. పని మానేశాక వాడలో వాళ్లు గ్యాస్ బండలకు, బీరువాలకు, ఒకసారి పరకాల నుంచి వచ్చిన పెళ్లిసామానుకు ఆమెను పిలుచుకుపోయారు. కోడలు గల్ఫ్ పట్టినప్పటి నుంచి చేతి సంచి.

ఐదుసార్లు వెళ్లింది రెబెకా. మొదటిసారి, భర్త పౌలు కామెర్లతో పోయిన ఏడాదికే. అప్పటికి కూతురు జెస్సికాకు ఏడేళ్లు. ఐదుసార్లూ పదకొండు, పన్నెండు కిలోల సంచి ఏడు కిలోలై వెళ్లింది. తీసిన బరువును పెరట్లో రోలుకు కట్టింది సువార్తమ్మ. మొదటిసారి ఆ ముడులు వేస్తుంటే రెబెకా కళ్లారా చూసింది. తర్వాత చూడలేదు. చూడాల్సిన పని ఏముంది, అది అత్త పని. నాలుగుసార్లు సరిచూసే మనిషి ఆ ఒక్కటీ ఒక్కసారైనా సరిచూడలేదు.

భద్రమ్మ వెళ్లాక రెబెకా చీపురు పట్టుకుని పెరట్లోకి పోయింది. పోయే ముందురోజు ఇల్లంతా ఊడవకపోతే ఆమెకు మనసున పట్టదు. రోలు చుట్టూ జామాకులు రాలి కుళ్లాయి. రోలు కింద కూడా ఉండి ఉంటాయని, అలవాటు మీద, కాలితో పక్కకు నెట్టింది.

రోలు జరిగింది.

మామూలు రోలు జరిగినట్టే జరిగింది. రెబెకా చీపురు కింద పెట్టింది. రెండు చేతులతో మళ్లీ నెట్టింది. మళ్లీ జరిగింది. ఐదేళ్ల బరువు, తన పుస్తకం ప్రకారం ఇరవై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు, దాని మీద ఉండాలి. రాతికి సుతిలి పోగు కూడా లేదు.

ఆమె అక్కడే గట్టు మీద కూర్చుంది. ఈ నెలరోజుల్లో తాను చూసినవన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు మూడు. నడుమ గుంట పడిన జెస్సికా నవారు మంచం. బడిలో ఇచ్చిన ఆరోగ్య కార్డు: వయసు పన్నెండు, బరువు యాభై నాలుగు. మునక్కాయలా ఉన్న పిల్ల యాభై నాలుగు కిలోలేమిటని రెబెకా భయపడి, హన్మకొండలో రక్తం తీయించి, థైరాయిడ్ నుంచి మొదలుపెట్టి తెలిసిన పరీక్షలన్నీ చేయించింది. అన్నీ బాగున్నాయి. బడిలో ఆటలు నేర్పే సారంగపాణి సారు అన్న మాట: "అమ్మా, మీ పిల్ల ఉరికితే లేడి. లాంగ్ జంప్ పలక మీద కాలేసి ఎగిరిందో, లారీ మీదికెళ్లి బియ్యం బస్తా జారినట్టు పడ్తది. ఇసుకల గుంట జూస్తే మనిషి పడ్డట్టుండదు. కాళ్లల్ల బలమున్నది, ఎగరనిస్తలేదు ఏదో. మీరు పొయ్యేనాడే స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్లున్నయి. ఇది దాటితే మళ్లా వయసు దాటిపోతది."

ఏదో. ఆ 'ఏదో' ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"అత్తా!" అని పిలిచింది. అత్తను అంత గట్టిగా పిలవడం అదే మొదలు.

సువార్తమ్మ చెంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, జరిగిన రోలును చూసి, కోడలి ముఖం చూసింది.

"మొదటి యేడే," అంది మెల్లగా. "నువ్వు పోయిన మూడోనాడు. పిల్ల రోలు మీద పండుకొని లేస్తలేదు. బువ్వ తింటలేదు. 'అమ్మ బరువు నాకియ్యి నానమ్మా, నేను పట్టుకుంట' అని ఒక్కటే ఏడుపు. జరసేపు కడ్తె ఊకుంటదని కట్టిన. నిమ్మళంగ పండుకున్నది. ఇప్పుదామంటె ఇప్పనియ్యలే."

"తర్వాత నాలుగేండ్లు?"

"అదే వచ్చి నడుము చూపెట్టేది."

"నువ్వు కట్టేదానివి."

"వస్తువు తిరిగొస్తె బరువు దానికిచ్చేద్దును. యార్డుల గట్లనే గదా. తొక్కు తిరిగొస్తదా, సకినాలు తిరిగొస్తయా? తిన్నోళ్లు తినిరి. బరువు ఇంట్లనే ఉండె."

రెబెకాకు అత్తను అనరాని మాటలు అనాలనిపించింది. నోటి దాకా వచ్చిన ప్రతి మాటా తన మీదికే తిరిగింది. ఏడు కిలోల వాణ్ని ఐదేళ్లు తిట్టింది. వాడు మూర్ఖుడే, కాదనలేదు. కానీ వాడు పిల్ల నడుముకు తాడు కట్టలేదు. 'ఇది పట్టదు భద్రమ్మా' అనే ఒక్క మాట నోరు పెగలక, ఊరి తొక్కంతా తెచ్చి కన్నకూతురి మీద మోపింది తాను. సంచి ఏడు కిలోలు చూపిస్తే చాలనుకుంది. పైకి కనపడేదే లెక్క అనుకుంది. మరి ఆ సీసా నియమం రాసినవాడికీ తనకూ తేడా ఏమిటి? వాడికి జీతమన్నా వస్తుంది.

జెస్సికా బడి నుంచి వచ్చేసరికి మూడు దాటింది. అడుగులు గేటు దగ్గరే వినిపించాయి. పన్నెండేళ్ల పిల్ల అడుగుల చప్పుడు కాదది. ఇన్నాళ్లూ రెబెకా దాన్ని 'పిల్ల మొద్దు నడక' అనుకుంది. ఒకటి రెండుసార్లు కసిరింది కూడా.

"అంగీ లేపు," అంది రెబెకా.

జెస్సికా ఒక్క అడుగు వెనక్కి వేసింది. నానమ్మ వైపు చూసింది. నానమ్మ నేల వైపు చూసింది.

నడుము చుట్టూ ఐదు వరసల సుతిలి. వరస వరసకు ముడులు, చింతగింజలంత. కింద చర్మం కమిలి నల్లబడింది.

"ఇప్పు," అంది రెబెకా.

"ఇప్ప."

"జెస్సీ."

"ఇప్పనంటె ఇప్ప. ఇది నాది. నువ్వు అన్నీ తీస్కొనే పోతవు గదా, పో. ఇదొక్కటి నాకుండె." పిల్ల రెండు చేతులూ నడుముకు అడ్డం పెట్టుకుంది. "పండుకుంటె నువ్వు పక్కన కూసున్నట్టే మంచం వంగుతది. నీకేం తెలుసు?"

రెబెకా నర్సు. ఏడ్చేవాళ్ల ముందు ఏడవకుండా నిలబడటం ఆమె వృత్తి. ఆ పూట ఆ వృత్తి సరిగ్గా అక్కరకు రాలేదు. అందుకే గొంతు అవసరమైనదానికంటే కరుకుగా వచ్చింది.

"పిచ్చిదానా, నా బరువనుకుంటానవా ఇది? ఈ ముడి చూడు. భద్రమ్మ తొక్కు. ఇది భద్రమ్మ తొక్కు. ఇది పద్మలత టీచర్ సకినాలు, ఇదీ సకినాలే, ఇది కారప్పొడి. మహిపాల్ గాడు అన్నంల కలుపుకొని మూతి నాక్కున్న తొక్కు బరువు నువ్వు అయిదేండ్ల సంది మోస్తానవే! నా బిడ్డ! నన్ను మోస్తాన్న అనుకొని, మహిపాల్ తిన్న తొక్కు మోస్తాంది నా బిడ్డ!"

జెస్సికా నోరు తెరిచి తల్లిని చూసింది. అప్పుడు అరుగు మీదున్న విన్సెంట్‌కు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. "మహిపాల్ గాడు వినాలె," అన్నాడు. జెస్సికా బాబాయి వైపు కోపంగా చూసి, తలొంచుకుని తన నడుము చుట్టూ ఉన్న ముడులను కొత్తగా చూసింది. ఇన్నేళ్లు దాచుకున్న బొమ్మలో వేరే ఇంటి పిల్ల పేరు చెక్కి ఉంటే చూసినట్టు.

"అన్నీ తొక్కేనా?"

"శానా మట్టుకు తొక్కే."

తర్వాత పిల్ల, "నేనే ఇప్పుకుంట. ఎవ్వలు ముట్టొద్దు," అని గోడ వైపు తిరిగి నిలబడింది. ముడుల మీద వేళ్లు ఒక్కొక్కటిగా నడిచాయి. ఐదో వరస, నాలుగో వరస. చివరిది విప్పడానికి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. తిరిగి వచ్చి సుతిలి ఉండను నానమ్మ చేతిలో పెట్టింది. సువార్తమ్మ చెయ్యి మోకాలి దాకా వంగింది.

"మళ్లా రోలుకు కట్టాల్నా?" అని అడిగింది ముసలామె.

"నాకు కట్టు," అంది రెబెకా. "సంచిల ఎక్కువున్న నాలుగు కిలోల రెండు వందలు గూడ తీసి నాకే కట్టు. జారుముడి వెయ్యి, చేత్తో ఇప్పేటట్టు."

విన్సెంట్ లేచి నిలబడ్డాడు. "వదినా, సంచి ఆరు కిలోల తొమ్మిది వందలైతది సరే. నువ్వో?"

"ఎవడు తూస్తడు నన్ను? నీ పోన్ల చూడు. మనిషి బరువు ఎంతుండాల్నో రాసిండా?"

విన్సెంట్ చూశాడు. చక్రాల గురించి ఉంది. సీసాల గురించి, కుడుక గురించి, గొడుగు మొన గురించి ఉంది. మనిషి గురించి ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి కారు వచ్చింది. జెస్సికా తెల్లటి నిక్కరు, బడి బనియను వేసుకుని సెలక్షన్లకు బయలుదేరుతోంది. గడప దగ్గర రెండుసార్లు తూలింది. ఐదేళ్లుగా బరువుకు అలవాటైన కాళ్లు, నేల ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతున్నాయి. తల్లిని పట్టుకుంది, కుడిచెయ్యి పిడికిలి విప్పకుండానే. రెబెకా పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. జాగ్రత్తలు పద్నాలుగు చెప్పింది, నీళ్లు తాగమని మూడుసార్లు చెప్పింది. కారెక్కి కూర్చుంటే వెనక టైరు అణిగింది. డ్రైవరు దిగి టైరు చూసి మళ్లీ ఎక్కాడు.

శంషాబాద్‌లో విమానం ఎక్కే గేటు ముందు ఇనుప చట్రం ఒకటి పెట్టారు. దాని పక్కన ఓంప్రకాశ్ అని పేరున్న కుర్రాడు. పాతికేళ్లుంటాయి. మెడలో కార్డు, ముఖంలో విసుగు. రెండూ కంపెనీ ఇచ్చినవే. సూటు వేసుకున్నవాళ్ల సంచులు అతనికి కనపడటం లేదు. గల్ఫ్‌కు పోయే చేనేత తువ్వాళ్లు, సుతిలి కట్టిన అట్టపెట్టెలు, రంగు వెలిసిన సంచులు మాత్రం దూరం నుంచే కనపడుతున్నాయి. తాపీ పనికి పోయే ఒకడి సంచి విప్పించి, అందరి ముందూ లుంగీలు తీయించి, కిలోన్నర తగ్గించుకోమన్నాడు. వాడు మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాడు. అప్పుడు సంచి ఏడు కిలోలకు వచ్చింది, ఓంప్రకాశ్ తృప్తిపడ్డాడు. అవే చొక్కాలు, అదే మనిషి, అదే విమానం. అయినా లోకం ఏదో ప్రమాదం నుంచి తప్పించుకున్నట్టు అతను చట్రాన్ని చేత్తో తుడిచాడు.

రెబెకా సంచి చట్రంలో దిగింది, చక్రాలతో సహా. కాంటా మీద ఆరు కిలోల తొమ్మిది వందలు చూపింది. ఓంప్రకాశ్‌కు ఆ అంకె నచ్చలేదు. సంచిలో డబ్బాలు కదులుతున్న చప్పుడు అతనికి వినిపించింది.

"సంచి మీరే సర్దుకున్నారా?"

"నేనే."

"ఎవరైనా ఏమైనా ఇచ్చారా?"

"భద్రమ్మ తొక్కు ఇచ్చింది, రెండు కిలోలు. పద్మలత టీచర్ సకినాలు, కిలోంబావు. విప్పి చూసిన, తిని చూసిన. రాసుకున్న, చూస్తరా?"

"రెండు కిలోల తొక్కు, కిలోంబావు సకినాలు, ఈ బట్టలు, ఈ చెప్పులు... ఆరు కిలోల తొమ్మిది వందలా?" అతను మళ్లీ తూచాడు. మళ్లీ అంతే. "సైడ్‌కి రండి మేడమ్, చెక్ చేయాలి," అని ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

రెబెకా కదల్లేదు. మొండితనం చేసింది కాదు. అతను లాగాడు, ఆమె అక్కడే ఉంది. అతను ఇంకో చెయ్యి కూడా వేశాడు. స్రవంతీ అని పిలిస్తే పక్క గేటు అమ్మాయి వచ్చి, అటునుంచి నెట్టింది. ఆ అమ్మాయి మడమలు నున్నటి నేల మీద జారాయి గానీ రెబెకా చెప్పు అంగుళం జరగలేదు. ఇరవై ఏడు కిలోల ఊరి మూట నడుముకు చుట్టుకున్న ఆడమనిషి అట్లా ఊరికే జరుగుతుందా?

"మేడమ్, మీ బరువెంత?" అన్నాడు ఓంప్రకాశ్, రొప్పుతూ.

"ఏం, దానికి రూలున్నదా?"

అతను చేతిలోని రూల్స్ పుస్తకం తిప్పాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు. వెనకాల వరసలో రెబెకాకు రెండింతలున్న పెద్దమనిషి, రెండు సీట్లకు సరిపోయే పొట్ట మీద చేతులు కట్టుకుని, "తొందరగా చూడు బాబూ, ఒకవేళ ఉంటే నేనూ ఇంటికి పోవాల్సి వస్తది," అన్నాడు. మూడు చొక్కాల తాపీ మనిషి గట్టిగా నవ్వాడు. వరస అంతా నవ్వింది.

పుస్తకంలో లేనిదాన్ని ఆపడం ఓంప్రకాశ్‌కు ఎవరూ నేర్పలేదు. పక్కకు తప్పుకున్నాడు.

రెబెకా నడిచి వెళ్లింది. విమానంలోకి పోయే గొట్టం దారి ఆమె అడుగు పడిన చోటల్లా మూలిగింది. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటే సుతిలి నడుములోకి దిగింది. మూడు గంటలకు పైగా ప్రయాణం. గంటకే తొడలు తిమ్మిరెక్కాయి. ఐదేళ్లు ఇదే మీద వేసుకుని పిల్ల బడికి పోయింది, మెట్లెక్కింది, ఉరికింది, ఎగరబోయింది. పక్క సీట్లో మనిషి ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందంది. కిటికీ వైపు తిరిగింది. కిటికీలో తన ముఖమే కనపడింది. దాన్ని చూడబుద్ధి కాలేదు.

మస్కట్‌లో దిగి ఫోన్ తెరిస్తే విన్సెంట్ పంపిన సందేశం ఉంది. 'నాలుగు మీటర్ల ముప్పై ఎనిమిది. సెలెక్ట్ అయింది. సారంగపాణి సారు ఇసుకల కూసోని ఏడ్చిండు.' రెబెకా దాన్ని నాలుగుసార్లు చదివింది.

శుక్రవారం మహిపాల్ వచ్చాడు, తల నున్నగా దువ్వుకుని, ఖాళీ సంచితో. "అక్కా, అవ్వ తొక్కు పంపిందట!" రెబెకా అప్పటికే తన నడుము మీద నుంచి అతని ముడులన్నీ ఎంచి, విప్పి, డబ్బా పిడికి కట్టి ఉంచింది. ఈ ఏటి రెండు కిలోలు, వెనకటి ఐదేళ్లవి పదకొండు. మహిపాల్ ఒక్క చేత్తో డబ్బా లేపబోయి ముందుకు బోర్లాపడ్డాడు.

"అక్కా, ఏంది ఇది? రాళ్లు పెట్టిందా మా అవ్వ?"

"అయిదేండ్ల సంది నువ్వు తిన్నదే. రుచి చూసినవు గదా, బరువు గూడ చూడు."

అతను ముడులను చూశాడు. మట్టెవాడలో పుట్టినవాడు, సువార్తమ్మ ముడి అతనికి తెలుసు. ముఖం మాడింది. డబ్బాను రెండు చేతులతో పొట్టకు అదుముకుని, కాళ్లు వెడల్పుగా వేసుకుంటూ బస్సు దాకా నడిచాడు. పై ఏటి నుంచి పావు కిలో చాలని వాళ్లమ్మకు ఆ రోజే ఫోన్ చేశాడట. సకినాల ముడులు తీసుకోవడానికి వచ్చిన భాస్కర్ మాత్రం, తాను పెద్ద ఉద్యోగిని కాబట్టి, ఇది తన భార్యతో మాట్లాడాల్సిన విషయమన్నాడు. రెబెకా ముడులు అతని కారు తాళంచెవికి కట్టి పంపింది.

తర్వాత దవాఖానలో రోగులను తూచే యంత్రం ఎక్కింది. ఎవరిదివాళ్లకు ఇచ్చేశాక ఎంత మిగలాలో పుస్తకంలో ఉంది. యంత్రం అర కిలో తక్కువ చూపింది. దిగి మళ్లీ ఎక్కింది. అర కిలో తక్కువే. గదికి పోయి తలుపేసుకుని, నడుము మీద మిగిలిన ముడులను పుస్తకంతో సరిపోల్చింది. ఈ ఏటివి సరిపోయాయి, ఐదు, నాలుగు, మూడు, రెండో ఏళ్లవి సరిపోయాయి. మొదటి ఏడు, అన్నిటికంటే లోపలి వరసలో, మొట్టమొదటి ముడి ఉండాల్సిన చోట సుతిలి నలిగి ఉంది. ముడి లేదు. పుస్తకంలో ఆ సంవత్సరం మొదటి పంక్తి: 'తెల్ల బూట్లు, జత, అర కిలో.'

డ్యూటీ బూట్లు అవి. బయలుదేరే ముందు ఏడేళ్ల జెస్సికా బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో వాటిని రుద్ది రుద్ది తెల్లగా చేసి, సంచిలో తన చేతులతో పెట్టింది. బూట్లు రెండో ఏడే చిరిగిపోయాయి.

ఆదివారం గుడి నుంచి రాగానే ఫోన్ చేసింది. జెస్సికా చామనఛాయ ముఖం తెర నిండా వచ్చింది. నవ్వుతోంది. వెనక మంచం కనపడుతోంది, నవారు బిగించినట్టున్నారు. హాస్టల్‌కు ఏమేం తెచ్చుకోవాలో కాగితం ఇచ్చారట, ఒక్క పెట్టే తేవాలట, దాన్నీ తూస్తారట.

"అన్నం తిన్నవా? కాళ్లు నొస్తానయా? నడుముకు మందు రాస్తాన్నదా నానమ్మ?"

"రాస్తాంది మమ్మీ."

"ఎగిరినప్పుడు ఎట్లనిపించింది?"

"కిందికి రాననుకున్న." పిల్ల ఆలోచించింది. "సారు అన్నడు, కుడి పక్కకు జర వంగుతానవ్, సరి చేస్కోవాలె అని."

"కుడిచెయ్యి చూపెట్టు."

జెస్సికా నవ్వు ఆపింది. కుడిచెయ్యి తెర ముందుకు వచ్చింది, పిడికిలి మూసి ఉంది. మణికట్టు కాస్త బరువుగా కిందికి వాలి ఉంది.

"నువ్వే అన్నవు గదా," అంది పిల్ల, తప్పు చేసినట్టు కాకుండా, లెక్క అప్పజెప్పినట్టు. "మహిపాల్ అన్న తొక్కు నాకెందుకు? అంత ఇచ్చేసిన. ఇది తొక్కు కాదు. నేను తడిమి చూసిన, నాకు తెలుసు."

అర కిలో. రాసుకున్నదానికీ ఉన్నదానికీ గ్రాము తేడా వస్తే నిద్రపట్టని మనిషి రెబెకా. ఆమె తెర మీది పిడికిలిని చూసింది. పుస్తకం తెరిచి మొదటి పంక్తి కొట్టేసింది.

"హాస్టల్ల ఎవలన్న అడిగితే?" అంది జెస్సికా.

"అడగరు బిడ్డా," అంది రెబెకా. "వాళ్లు తూచేది పెట్టెనే."